రాజలాంఛనాలు, జెండాలు: బొమ్మను చదివే పద్ధతి ఏమిటి?

#1 గోదారిగట్టు

పాత కచేరీలు, చర్చిలు, కోటల ముఖద్వారాల మీద గచ్చుతోనో రాతితోనో చేసిన బ్రిటిష్ రాజలాంఛనం కనిపిస్తుంది కదా. ఒకవైపు సింహం, ఇంకోవైపు ఒంటికొమ్ము గుర్రం, నడుమ నాలుగు గళ్ల డాలు, పైన కిరీటం. మూడు సందేహాలున్నాయి.

ఆ డాలును బట్టి అది ఏ కాలంలో చేసిందో చెప్పవచ్చా? ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే విధేయత అని నెట్‌లో తిరిగే పట్టికలు నమ్మదగినవేనా? మన రాజులకు వరాహం, పులి, గండభేరుండం వంటి గుర్తులున్నాయి కదా, వాటినీ ఇదే పద్ధతిలో చదవాలా?

తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

#2 డాలు_కత్తి

ముందుగా కుడి ఎడమలు తేల్చుకుందాం, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. లాంఛనాన్ని చూసేవాడి వైపు నుంచి చదవరు. డాలు పట్టుకుని మనకు ఎదురుగా నిలబడ్డ యోధుడి వైపు నుంచి చదువుతారు. అతని కుడి మనకు ఎడమ. గౌరవస్థానం ఎప్పుడూ అతని కుడివైపు పై మూల, అంటే మనకు కనిపించే ఎడమ పై గడి. అది ఒకటో గడి. దాని పక్కది రెండు, కింద ఎడమది మూడు, కింద కుడిది నాలుగు.

1837 నుంచి ఇప్పటిదాకా ఉన్న బ్రిటిష్ డాలు ఇలా ఉంటుంది. ఒకటి, నాలుగు గళ్లు ఇంగ్లండ్‌వి: ఎర్ర నేల మీద మూడు బంగారు సింహాలు ఒకదాని కింద ఒకటి నడుస్తూ, ముఖాలు మనవైపు తిప్పి. రెండో గడి స్కాట్లండ్‌ది: బంగారు నేల మీద వెనక కాళ్ల మీద లేచిన ఎర్ర సింహం, దాని చుట్టూ లిల్లీ పూలు గుచ్చిన జంటగీతల చట్రం. మూడోది ఐర్లండ్‌ది: నీలం నేల మీద వెండి తీగల బంగారు హార్ప్ వాద్యం.

సింహం భంగిమ కూడా అర్థంలో భాగమే. నడిచే సింహం, లేచిన సింహం రెండు వేరు వేరు గుర్తులు. ముఖం తిప్పి నడిచే సింహాన్ని పాత ఫ్రెంచి వర్ణనల్లో చిరుత అనేవారు. అందుకే కొన్ని పుస్తకాల్లో "ఇంగ్లండ్ చిరుతలు" అని ఉంటుంది. జంతువు మారలేదు, పిలిచే పద్ధతి మారింది.

స్కాట్లండ్‌లో వాడే రూపంలో ఇదంతా తారుమారు అవుతుంది. లేచిన ఎర్ర సింహం ఒకటి, నాలుగు గళ్లలోకి వస్తుంది, ఇంగ్లండ్ రెండో గడిలోకి పోతుంది. ఒంటికొమ్ము గుర్రం గౌరవస్థానంలోకి వస్తుంది. రాజు ఒక్కడే, డాలు ఒక్కటే, కానీ ఎవరి నేల మీద నిలబడి చూపిస్తున్నాడో దాన్ని బట్టి ముందువరస మారుతుంది. ఈ విద్యలో అర్థం బొమ్మలో కంటే స్థానంలో ఎక్కువ ఉంటుంది.

#3 శ్రీకాకుళం_చదువరి

వేల్స్ ఎక్కడ?

#4 డాలు_కత్తి

డాలులో లేదండీ. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం ఎక్కే నాటికే వేల్స్‌ను ఇంగ్లండ్ రాజ్యంలో భాగంగా లెక్కేశారు. అప్పటిదాకా ట్యూడర్ వంశం వాళ్లు డాలుకు ఒకవైపు సింహాన్ని, మరోవైపు వేల్స్ డ్రాగన్‌ను నిలబెట్టేవారు. జేమ్స్ డ్రాగన్‌ను తీసేసి స్కాట్లండ్ ఒంటికొమ్ము గుర్రాన్ని పెట్టాడు. దానితో వేల్స్ గుర్తు పూర్తిగా జారిపోయింది. ఎవరు చేరారో చూసినట్టే ఎవరు పోయారో కూడా చూడాలి.

ఇక గోదారిగట్టు గారి మొదటి ప్రశ్న. కాలం కచ్చితంగా చెప్పవచ్చు. డాలు గళ్లలో ఏమున్నాయో, నడుమ ఏముందో చూడండి.

1714 నుంచి 1801 వరకు: ఒకటో గడి నిలువుగా రెండుగా చీలి ఉంటుంది, సగం ఇంగ్లండ్, సగం స్కాట్లండ్. రెండో గడిలో ఫ్రాన్స్ లిల్లీలు మూడు. మూడులో హార్ప్. నాలుగో గడిలో జర్మనీలోని హనోవర్ వంశం గుర్తులు, వాటిలో పరుగెత్తే తెల్ల గుర్రం తేలిగ్గా పట్టుబడుతుంది.

1801 జనవరి 1 నుంచి లిల్లీలు లేవు. గళ్లు ఇప్పటిలాగే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్. కానీ నడిబొడ్డున ఒక చిన్న డాలు అతికించి ఉంటుంది. అది హనోవర్. ఆ చిన్న డాలు నెత్తిన మెత్తటి టోపీ లాంటిది ఉంటే 1801–1816. హనోవర్ పాలకుడికి అప్పటికి ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే జర్మన్ ప్రభువు) హోదా మాత్రమే ఉండేది, ఆ టోపీ దాని గుర్తు. టోపీ బదులు కిరీటం ఉంటే 1816–1837, ఎందుకంటే హనోవర్ 1814లో రాజ్యమైంది, లాంఛనంలో మార్పు 1816లో వచ్చింది. చిన్న డాలే లేకపోతే 1837 తర్వాతది. హనోవర్ వారసత్వ చట్టం ప్రకారం మగవారసులు ఉండగా ఆడవాళ్లకు సింహాసనం రాదు, కనుక విక్టోరియా రాణి ఆ గుర్తును పెట్టుకోలేకపోయింది.

రాతి పని బాగా అరిగి లోపలి బొమ్మలు కనిపించకపోయినా నడుమ ఉబ్బెత్తుగా చిన్న డాలు ఉందో లేదో తడిమి చూసినా తెలుస్తుంది. పై కిరీటం ఆకారాన్ని మాత్రం ఒంటరి సాక్ష్యంగా తీసుకోకండి. విక్టోరియా కాలంలో దాన్ని రకరకాలుగా గీశారు.

#5 కాసు_వరహా

డాలు_కత్తి గారి లెక్క రాజు లాంఛనానికి సరిపోతుంది. ఈస్టిండియా కంపెనీ లాంఛనానికి సరిపోదు. మన దగ్గర దొరికే పాత రాగి నాణేల మీద, గోదాముల మీద చాలావరకు ఉండేది కంపెనీదే. రెండూ కలిపేస్తే కాలం వందేళ్లు తప్పుతుంది.

కంపెనీ డాలు తెల్ల నేల మీద ఎర్ర శిలువ. మనకు ఎడమ పై మూలలో ఒక బుల్లి డాలు, అందులో ఫ్రాన్స్ లిల్లీలు, ఇంగ్లండ్ సింహాలు గళ్లుగా. రెండు పక్కలా రెండు సింహాలే ఉంటాయి, ఒంటికొమ్ము గుర్రం ఉండదు. ఆ సింహాల చేతుల్లో జెండాలుంటాయి. కింద లాటిన్ నినాదం, "ఇంగ్లండ్ రాజు, పార్లమెంటుల ఆశ్రయంలో" అని దాని భావం. 1835 నాటి పావు అణా తీసి చూడండి, ఈ లాంఛనమే ఉంటుంది.

రాజు 1801లోనే లిల్లీలు వదిలేశాడు. కంపెనీ మాత్రం తనకు మంజూరైన పాత వర్ణననే పట్టుకుని సాగింది. కాబట్టి "లిల్లీ ఉంది, 1801కి ముందుది" అనే సూత్రం కంపెనీ బొమ్మకు పనికిరాదు. ముందు పక్క జంతువులు చూడండి. సింహం, ఒంటికొమ్ము గుర్రం అయితే రాజుది. రెండూ సింహాలై నడుమ శిలువ ఉంటే కంపెనీది. ఆ తర్వాతే కాలం సంగతి.

కంపెనీ తొలినాళ్ల డాలు ఇంకా వేరు. 1600 నాటి దాంట్లో తెరచాపలెత్తిన మూడు ఓడలు, పక్కన చేపతోక సింహాలు. అది మనవైపు అరుదు.

#6 శ్రీకాకుళం_చదువరి

ఇంగ్లండ్ డాలులో ఫ్రాన్స్ పూలేమిటి అసలు?

#7 డాలు_కత్తి

అది దావా. 1340లో మూడో ఎడ్వర్డ్ "మా అమ్మ ఫ్రాన్స్ రాజు కూతురు, ఆ సింహాసనం నాదే" అంటూ లిల్లీలను తన డాలులో చేర్చాడు. చేర్చడమే కాదు, ఒకటో గడిలో పెట్టి ఇంగ్లండ్ సింహాలను రెండోదానికి నెట్టాడు. పెద్ద రాజ్యం ముందు అన్నది లెక్క. ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్‌కు మిగిలిన చివరి పట్టణం కలే 1558లో చేజారింది. ఆ తర్వాత కూడా 243 ఏళ్లు ఆ పూలు డాలు మీద ఉన్నాయి. నేల పోయినా హక్కు వదులుకోలేదని చెప్పడానికే.

ఇందులోనే రెండో ప్రశ్నకు నా జవాబు ఉంది. లిల్లీ అంటే పవిత్రత అని పట్టికలో రాసి ఉంటుంది. ఎడ్వర్డ్ డాలులో లిల్లీకి అర్థం పవిత్రత కాదు, "ఫ్రాన్స్ నాది" అని. రంగులకు, పువ్వులకు గుణాలు అంటగట్టే పట్టికలు తర్వాతి రచయితలు అల్లినవి. రెండు పుస్తకాలు చూస్తే రెండు రకాలుగా ఉంటాయి. లాంఛనాన్ని మంజూరు చేసే వర్ణనలో రంగు పేరు, బొమ్మ పేరు, స్థానం ఉంటాయి. గుణం ఉండదు. ఆ పట్టికలు పక్కన పెట్టేయండి.

#8 జెండా_కర్ర

పట్టికలు పక్కన పెట్టమన్నది సరే గానీ, రంగుల మీద ఒక గట్టి నియమం ఉంది, అది చెప్పకపోతే జెండాలు అర్థం కావు.

రంగులను రెండు జట్లుగా చేశారు. లోహాలు: బంగారం (పసుపు), వెండి (తెలుపు). రంగులు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదు. కారణం కేవలం చూపు. యుద్ధంలో దూరం నుంచి, దుమ్ములో గుర్తుపట్టాలి. తెలుపు మీద పసుపు, నీలం మీద ఎరుపు నూరు గజాల దూరంలో కలిసిపోతాయి. జెరూసలేం రాజ్యం వెండి నేల మీద బంగారు శిలువలు పెట్టుకోవడం దీనికి పేరుపడ్డ మినహాయింపు.

ఇప్పుడు బ్రిటన్ జెండా యూనియన్ జాక్ చూడండి. నీలం నేల మీద ఎర్ర శిలువ నేరుగా పెట్టకూడదు కనుక చుట్టూ తెల్ల అంచు వచ్చింది. అందం కోసం వేసిన గీత కాదది. 1606లో ఇంగ్లండ్ ఎర్ర శిలువ, స్కాట్లండ్ ఏటవాలు తెల్ల శిలువ కలిశాయి. 1801లో ఐర్లండ్ పేరున ఏటవాలు ఎర్ర పట్టీ చేరింది. దాన్ని తెల్ల పట్టీ నడుమన పెడితే స్కాట్లండ్ శిలువ ఐర్లండ్ శిలువకు ఉత్త అంచుగా మిగిలిపోతుంది. అందుకే పక్కకు జరిపి, రెండింటికీ వంతు వచ్చేలా అమర్చారు.

గీయాలనుకునేవాళ్లకు కొలతలు. 60 గళ్ల వెడల్పు, 30 గళ్ల ఎత్తు తీసుకోండి.

మొత్తం నీలం. మూల నుంచి మూలకు రెండు గీతలు గీయండి. ప్రతి గీతకు ఇరువైపులా 3 గళ్ల చొప్పున 6 గళ్ల తెల్ల పట్టీ. తర్వాత ఎర్ర పట్టీ 2 గళ్లు, అది మధ్యగీతను ఆనుకుని ఒకే పక్కన ఉండాలి. అంటే గీతకు ఒక పక్క 3 తెలుపు, మరో పక్క 2 ఎరుపు, ఆపైన 1 తెలుపు. ఆఖరున నిట్టనిలువు, అడ్డం శిలువ: ముందు 10 గళ్ల తెలుపు, దాని మధ్యలో 6 గళ్ల ఎరుపు.

ఎర్ర పట్టీ ఏ పక్క? కర్రవైపు సగంలో రెండు ఏటవాలు పట్టీల్లోనూ వెడల్పు తెలుపు పైన, ఎరుపు కింద. ఎగిరే కొసవైపు సగంలో ఎరుపు పైన, వెడల్పు తెలుపు కింద. స్కాట్లండ్ ముందు చేరింది కనుక గౌరవస్థానం అయిన కర్రవైపు దానిది పైచెయ్యి.

సాధారణంగా జరిగే తప్పులు రెండు. ఏటవాలు పట్టీల వెడల్పును స్కేలు నిలువుగా పెట్టి కొలవడం ఒకటి. పట్టీకి లంబంగా కొలవాలి, లేకపోతే పట్టీ సన్నబడుతుంది. ఎర్ర పట్టీ సరిగ్గా మూల కొసకు రావాలని లాగడం రెండోది. అది మధ్యగీతకు పక్కన ఉంటుంది కనుక మూలను సమంగా తాకదు.

#9 గోదారిగట్టు

ఈ జెండాను తలకిందులుగా ఎగరేశారని వార్తలు వస్తుంటాయి. కాగితం మీద బొమ్మను గుండ్రంగా తిప్పి చూస్తే మళ్లీ అలాగే ఉంది. తేడా ఏమిటి?

#10 జెండా_కర్ర

మీరు గమనించింది నిజం. యూనియన్ జాక్‌ను 180 డిగ్రీలు తిప్పితే మారదు. కానీ కర్రకు కట్టిన జెండాను తలకిందులు చేస్తే అది తిరగదు, బోర్లపడుతుంది. కర్ర ఉన్న వైపే ఉంటుంది, పై అంచు కిందికి వస్తుంది, అంటే అద్దంలో ప్రతిబింబం కనిపిస్తుంది. అప్పుడు కర్రవైపు ఎరుపు పైకొస్తుంది. అచ్చువేసేవాళ్లు పేజీలో సరిపోవడానికి బొమ్మను అడ్డంగా తిప్పేస్తే అదే తప్పు జరుగుతుంది. గుండ్రంగా తిప్పితే నష్టం లేదు, అద్దంలా తిప్పితే తప్పు.

ఇదే కష్టంతో థాయిలాండ్ జెండానే మారిపోయిందని చెబుతారు. ఎర్ర నేల మీద తెల్ల ఏనుగు ఉన్న జెండాను వరద తర్వాతి పర్యటనలో ఎవరో తలకిందులుగా కట్టడం వజిరావుధ్ రాజు చూశాడట. 1917 సెప్టెంబరు 28న అడ్డపట్టీల జెండా వచ్చింది: ఎరుపు, తెలుపు, నీలం, తెలుపు, ఎరుపు, ఎత్తులు 1:1:2:1:1. ఎలా కట్టినా ఒకటే.

#11 తామ్రపత్రం

మూడో ప్రశ్నకు వస్తాను. మన రాజముద్రలను ఐరోపా వ్యాకరణంతో చదివితే సగమే తెలుస్తుంది.

మన శాసనాల్లో లాంఛనం వేరు, ధ్వజం వేరు. ఒకే వంశానికి రెండూ ఉంటాయి, బొమ్మలు కూడా వేరు. చాళుక్యులది వరాహలాంఛనం, వాళ్ల బిరుదుల్లో పాళిధ్వజం (వరుసలుగా కట్టిన జెండాలు) విడిగా వస్తుంది. కదంబులది సింహలాంఛనం, వానరధ్వజం. లాంఛనం ముద్ర మీద, పత్రం మీద ఉంటుంది; ధ్వజం సేన ముందు నడుస్తుంది. ఈ తేడా తెలియక "కదంబుల జెండా మీద సింహం" అని రాసేస్తుంటారు.

చాళుక్యుల ప్రశస్తిలో ప్రతి పత్రానా వచ్చే సమాసం ఒకటుంది: "భగవన్నారాయణ ప్రసాద సమాసాదిత వరవరాహలాంఛనేక్షణ క్షణ వశీకృతారాతిమండలానాం". నారాయణుడి అనుగ్రహంతో దొరికిన వరాహలాంఛనాన్ని చూసిన క్షణంలోనే శత్రువులు లొంగిపోయారట. అంటే లాంఛనం వంశం గుర్తు మాత్రమే కాదు, దేవుడిచ్చిన అధికారపత్రం. ఐరోపాలో లాంఛనం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి. ఇక్కడ దైవం నుంచి వంశానికి వచ్చిన ప్రసాదం.

వేంగీ చాళుక్యుల తామ్రపత్రాల ముద్ర తీసుకోండి. రేకులకు చిల్లులు పెట్టి ఒక రాగి కడియం దూర్చి, దాని రెండు కొసలు ముద్ర అడుగున కలిపి అతికేవారు. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలు, పద్మం. సూర్యచంద్రులు అలంకారం కాదు. దానం "ఆచంద్రార్కం" చెల్లాలన్న షరతుకు బొమ్మ అది. అంకుశం బిరుదుకు బొమ్మ. చదవడం రానివాడు కూడా పత్రం ఎవరిదో, ఎంతకాలం చెల్లుతుందో ముద్ర చూసి గ్రహించగలిగేవాడు.

పత్రం పరీక్షించేటప్పుడు ముందుగా కడియం కోసి ఉందా లేదా చూస్తారు. కోసి మళ్లీ అతికి ఉంటే నడుమ రేకు మార్చి ఉండవచ్చు, ముద్ర అసలుదైనా పాఠాన్ని నమ్మడానికి లేదు.

#12 కాసు_వరహా

విజయనగరం వాళ్లదీ వరాహమే, దాని పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. బంగారు నాణేనికి "వరహా" అన్న పేరు ఆ గుర్తు నుంచే వచ్చింది. రాజ్యం పోయినా మాట మిగిలింది.

చోళుల ముద్ర గురించి కూడా రాయండి. అందులో ముగ్గురి గుర్తులు ఒకేచోట ఉంటాయి కదా, ఐరోపావాళ్లు గళ్లలో కలిపినట్టే.

#13 తామ్రపత్రం

పోలిక ఉంది, కానీ ఒకటి కాదు. రాజేంద్ర చోళుడి ముద్రలో కూర్చున్న పులి చోళులది, పక్కన రెండు చేపలు పాండ్యులవి, విల్లు చేరులది. వీటన్నిటి పైన ఒకే గొడుగు, వింజామరలు. ఎడ్వర్డ్ ఫ్రాన్స్ గుర్తును ముందు పెట్టి "ఇది నాకు వారసత్వంగా రావాలి" అన్నాడు. చోళుడు పాండ్యుల చేపలను ముందు పెట్టలేదు, తన పులి పక్కన తన గొడుగు కిందికి తెచ్చాడు. అది గెలుపు లెక్క. వేరే వాళ్ల గుర్తు కనిపించగానే పెళ్లి సంబంధమా, దావానా, జయమా అని అడగాలి. ఐరోపా పద్ధతిలో గళ్లు ఎక్కువగా మొదటి రెండింటినీ చెబుతాయి.

సూర్యచంద్రుల గురించి ఇంకో మాట. నేపాల్ జెండాలోనూ అవే, వాటి భావం కూడా అదే: సూర్యచంద్రులు ఉన్నంతకాలం దేశం ఉండాలని. జెండా_కర్ర గారు దాని కొలత చెబితే బాగుంటుంది, రెండు త్రికోణాలను చాలామంది అడ్డదిడ్డంగా గీస్తారు.

#14 జెండా_కర్ర

నేపాల్ రాజ్యాంగం అనుబంధంలోనే గీసే పద్ధతి ఉంది. తొలి మెట్లు ఇవి.

ముదురెరుపు బట్ట మీద అడుగున ఎడమ నుంచి కుడికి కఖ గీత. క నుంచి నిట్టనిలువుగా కగ గీత, దాని పొడవు కఖకు మూడో వంతు ఎక్కువ. కగ మీద కఖ అంత దూరంలో ఘ గుర్తు పెట్టి ఖఘ కలపండి. ఖఘ మీద ఖ నుంచి కఖ అంత దూరంలో ఙ గుర్తు. ఆ గుర్తు గుండా కఖకు సమాంతరంగా కగ నుంచి కుడికి మళ్లీ కఖ అంత పొడవు గీత. ఆ గీత కుడి కొసను గకు కలపండి. లోపలి ఆకారం వచ్చేసింది. తర్వాత పై భాగంలో చంద్రుడు, 8 కిరణాలు. కింద సూర్యుడు, 12 కిరణాలు. నీలం అంచు ఆఖరున ఈ ఆకారానికి బయట చేర్చాలి, లోపల కాదు. లోపల వేస్తే కొలతలన్నీ కుంచించుకుపోతాయి.

తరచూ జరిగే తప్పు: మిగతా దేశాల జెండాల వరుసలో ఇమడాలని దీన్ని 3:2 చట్రంలోకి సాగదీయడం. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉండే జెండా ఇది.

#15 శ్రీకాకుళం_చదువరి

నిజాం, మైసూరు సంస్థానాలవాళ్ల లాంఛనాల్లో ఐరోపా డాలు, పక్కన జంతువులు కనిపిస్తాయి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయి?

#16 డాలు_కత్తి

ఎక్కువభాగం 1877 జనవరి 1 నాటి ఢిల్లీ దర్బారు నుంచి. విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన సభ అది. సంస్థానాధీశులకు సుమారు 90 పట్టు పతాకాలు ఇచ్చారు, ఒక్కొక్కటి అయిదడుగుల చదరం. వాటి మీద లాంఛనాలు గీసింది బెంగాల్ సివిల్ సర్వీసులోని రాబర్ట్ టేలర్. వంశం పుట్టుక కథ, కులదైవం, చరిత్రలో ఒక ఘటన, ఆ ప్రాంతపు కొండో నదో ఏదో ఒకటి తీసుకుని ఐరోపా డాలులో అమర్చాడు. ఆ పతాకాల ఇత్తడి కర్రలు ఎంత బరువంటే ఒక్కోదాన్ని మోయడానికి ఇద్దరు సైనికులు కావలసి వచ్చిందని వైస్రాయ్ లిట్టన్ రాశాడు.

కాబట్టి సంస్థానాల లాంఛనాల్లో రెండు పొరలు ఉంటాయి. లోపలి బొమ్మ పాతది కావచ్చు, చుట్టూ ఉన్న డాలు, నినాదం పట్టీ ఐరోపా అచ్చు. మైసూరు గండభేరుండం టేలర్ కంటే ఎంతో పాతది. రెండూ విడదీసి చదవాలి.

ఆ అచ్చు ఇప్పటికీ ఉంది. కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో ఎర్ర డాలు మీద గండభేరుండం, రెండు పక్కలా ఏనుగు తల ఉన్న సింహాలు. కేరళ చిహ్నంలో తిరువాన్కూరు శంఖం, దాని రెండు పక్కలా ఏనుగులు. రాజులు పోయి, పైన కిరీటం బదులు అశోక సింహాలు కూర్చున్నాయి.

అసఫ్‌జాహీ పసుపు జెండా మాత్రం ఐరోపా నియమాన్ని ఏమాత్రం పట్టించుకోదు. పసుపు నేల మీద తెల్లటి గుండ్రం, అంటే లోహం మీద లోహం. ఆ గుండ్రం కుల్చా రొట్టె. నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ ఇచ్చిన రొట్టెల్లో మొదటి నిజాం ఏడు తిన్నాడని, ఏడు తరాలు ఏలుతావని ఆయన దీవించాడని కథ. రొట్టెను కట్టి ఇచ్చిన గుడ్డ పసుపుపచ్చ. ఇక్కడ రంగు వచ్చింది నియమం నుంచి కాదు, దీవెన నుంచి.

#17 కాసు_వరహా

మన రెండు రాష్ట్రాల చిహ్నాల్లో డాలూ లేదు, పక్క జంతువులూ లేవు, గుండ్రటి ముద్రలే. ఆంధ్రప్రదేశ్‌ది అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం. తెలంగాణది కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గీసినది. ముద్రగా తీసుకుంటే ఇవి టేలర్ అచ్చుకు కాదు, తామ్రపత్రాల ముద్రకు దగ్గర.

#18 జెండా_కర్ర

జాతీయ జెండా, జాతీయ చిహ్నాల్లో కుడి ఎడమల సంగతి కూడా రాస్తాను, ఆగస్టు వచ్చిందంటే ఈ తప్పులే.

త్రివర్ణాన్ని గోడకు నిలువుగా వేలాడదీసినప్పుడు కాషాయం చూసేవారికి ఎడమవైపు రావాలి. ఫ్లాగ్ కోడ్ దీన్ని "జెండాకు కుడివైపు" అంటుంది. డాలు_కత్తి గారు మొదట చెప్పిన యోధుడి కుడి ఇదే. ఆ మాట చదివి మన కుడివైపు కట్టేవాళ్లు చాలామంది.

జాతీయ చిహ్నం వర్ణన దీనికి భిన్నం. "కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం" అన్నది చూసేవారి వైపు నుంచి చెప్పినది. ఒకే దేశపు రెండు గుర్తులు, రెండు లెక్కలు. పీఠం మీద మొత్తం నాలుగు జంతువులు: ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం. బొమ్మలో రెండే కనిపిస్తాయి. కింద "సత్యమేవ జయతే" లేకుండా అచ్చువేస్తే అది చిహ్నం కాదు, అసంపూర్తి బొమ్మ.

జెండా నిష్పత్తి 3:2. చక్రం కొలత ఊహించి వేయకండి: 900×600 మి.మీ. జెండాకు 185 మి.మీ., 1350×900కి 280, 450×300కి 90. తెల్ల పట్టీ ఎత్తు 200 అయితే చక్రం 185 అంటే పైన కింద కొద్దిగానే ఖాళీ. ఆకులు 24, ఒక్కోదానికీ మధ్య 15 డిగ్రీలు, ఒక ఆకు సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలి. ఇళ్లలో బిడ్డల చేత గీయించేటప్పుడు వృత్తాన్ని ముందు 6 భాగాలు, ప్రతి భాగాన్ని 4 చేస్తే తప్పు రాదు. సంతలో కొన్న జెండా అయితే చక్రం రెండువైపులా ఒకేచోట పడిందా అని ఎండకు ఎత్తి చూడండి.

#19 గోదారిగట్టు

చాలా తెలిసింది. నేను అడిగిన గచ్చు లాంఛనంలో నాలుగు గళ్లు, నడుమ చిన్న డాలు, దాని మీద కిరీటం కాదు, అంచున బొచ్చు ఉన్న టోపీలా ఉంది. పక్కన సింహం, ఒంటికొమ్ము గుర్రం. లిల్లీలు లేవు. ఇప్పుడు దానికి రంగులు వేయాలనుకుంటున్నారు. హార్ప్ గడికి ఆకుపచ్చ అనుకుంటున్నారు, ఐర్లండ్ కదా అని. గళ్ల నేలల మీద సన్నటి గీతలు కూడా ఉన్నాయి, పగుళ్లని పూడ్చేయాలా?

#20 డాలు_కత్తి

పూడ్చవద్దని ముందుగా చెప్పండి. అవి పగుళ్లు కాకపోవచ్చు. రంగు లేనిచోట రంగును గీతలతో చెప్పే పద్ధతి 17వ శతాబ్దం నుంచి ఉంది, పెట్రా శాంక్టా అనే జెసూట్ క్రైస్తవ గురువు పేరున దాన్ని పిలుస్తారు. చుక్కలు ఉంటే బంగారం. ఏమీ లేకపోతే వెండి. నిలువు గీతలు ఎరుపు. అడ్డగీతలు నీలం. మనకు ఎడమ పైనుంచి కుడి కిందికి వాలు గీతలు ఆకుపచ్చ, ఎదురు వాలు ఊదా. నిలువు, అడ్డం కలిసిన వల నలుపు. హార్ప్ వెనక అడ్డగీతలు కనిపిస్తే నేల నీలమని శిల్పి రాసిపెట్టినట్టే. ఆకుపచ్చ వేయడం తప్పు. పగులు అయితే గడి అంచు దాటి పోతుంది, ఎడం సమంగా ఉండదు. గీత గడి అంచు దగ్గర ఆగుతుంది.

టోపీ ఉంది, లిల్లీలు లేవు అన్నారు కనుక అది 1801–1816 రూపం. నడుమ డాలుకు రంగులు: అది మూడు భాగాలు. మనకు ఎడమవైపు పైన ఎర్ర నేల మీద నడిచే రెండు బంగారు సింహాలు. కుడివైపు పైన బంగారు నేల నిండా ఎర్ర హృదయాలు, నడుమ లేచిన నీలం సింహం. కింద ఎర్ర నేల మీద పరుగెత్తే తెల్ల గుర్రం. వీటి నడుమ ఇంకా బుల్లి ఎర్ర డాలు, దాని మీద పాతకాలపు ఐరోపా చక్రవర్తి షార్లమేన్ బంగారు కిరీటం.

ఒంటికొమ్ము గుర్రం ఒళ్లు వెండి, అంటే తెలుపు. కొమ్ము, జూలు, గిట్టలు, మెడలోని చిన్న కిరీటం, గొలుసు బంగారం. గొలుసు ముక్కలు రాలిపోయి ఉంటే కింది పీఠం దగ్గర వెతకండి, అది అక్కడిదాకా వేలాడాలి. పక్కన ఉన్న సింహానికి నెత్తిన కిరీటం ఉండాలి, ముఖం మనవైపు ఉండాలి. రంగు వేసే ముందు ప్రతి గడిని దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫొటో తీయించండి. ఏటవాలు వెలుతురులోనే ఆ గీతలు బయటపడతాయి. సున్నం పొరలుంటే వెదురు పుల్లతో గీకి తీయాలి. ఇనుప బ్రష్షు తగిలితే గీతలు శాశ్వతంగా పోతాయి.